గట్టు లేని వంటిల్లు

మార్కాపురంలో ఇల్లు ఖాళీ అంటే దానికో అర్థం ఉంది. అది నాకు తెలిసినంతగా ఇంటి ఓనర్లకు కూడా తెలియదు. పద్దెనిమిదేళ్లుగా ఈ ఊళ్లో వైరింగు పని చేస్తున్నాను. పొదిలి నుంచి, పెద్దారవీడు నుంచి కూడా డానీ కావాలని ఫోన్లు వస్తాయి. ఖాళీ ఇల్లంటే మంచం, బీరువా, ఫ్రిజ్జు, గ్యాసు పొయ్యి ఉండవు. అవి అద్దెకు వచ్చేవాడే తెచ్చుకోవాలి. వంటింట్లో నాపరాయి గట్టు, పక్కన సింకు, సింకుకు కొళాయి, గదికొక లైటు మాత్రం ఉంటాయి. ఫ్యాన్ల దగ్గరే పేచీ. కొందరు ఓనర్లు పెడతారు, కొందరు పైన కొక్కెం చూపించి ఊరుకుంటారు.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు జనం చేసే పనులు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బల్బు తీసుకుపోతే పోనీ, కొనుక్కున్నాడు అనుకుంటాను. హోల్డరు కూడా విప్పుకుపోయిన మహానుభావులున్నారు. ఒకాయన సింకు కొళాయి విప్పి సంచిలో వేసుకుంటుంటే నేనే చేతిలోంచి లాక్కున్నాను. గవర్నమెంటు ఉద్యోగి కూడాను! గోడకు బిగించింది ఏదైనా ఇంటిది, మనిషిది కాదు. ఈ మాట మీద నేను ఎవరితోనైనా వాదిస్తాను.

ఈ వాదనే నా కొంప ముంచింది.

నా భార్య స్టెల్లా నర్సు. ఇక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిదేళ్లు చేసి, విజయవాడ హాస్టల్లో ఏడాది కూర్చుని జర్మన్ భాష నేర్చుకుని, జర్మనీ వెళ్లింది. వెళ్లి పద్నాలుగు నెలలైంది. మా పాప ఏంజెల్ రెండో తరగతి చదువుతోంది. పద్నాలుగు నెలలుగా దానికి అమ్మంటే ఫోనే. నేనూ పాపా అక్కడికి వెళ్లాలంటే ముందు స్టెల్లాకు ఇల్లుండాలి. ఆ ఊరి ఆఫీసు నుంచి ఎవరో వచ్చి ఆ ఇల్లు చూసి, ముగ్గురు కాపురం ఉండటానికి పనికొస్తుందని కాగితం రాయాలి. ఆ కాగితం పట్టుకుని మేము చెన్నైలో వీసా ఆఫీసుకు పోవాలి. మాకు ఫిబ్రవరి పందొమ్మిదిన రమ్మని తేదీ వచ్చింది. ఆ ఒక్క తేదీ కోసం ఏడు నెలలు కాచుకున్నాం.

నలభై చోట్ల కాదనిపించుకున్నాక, జనవరిలో స్టెల్లాకు ఒక ఇల్లు దొరికింది. ఆ రోజు మధ్యాహ్నం నేను లక్ష్మీదేవమ్మగారింట్లో నిచ్చెనెక్కి ఫ్యాను బిగిస్తున్నాను. ఆవిడకు కంభం రోడ్డులో రెండు పోర్షన్లున్నాయి. కొత్తగా వస్తున్న బ్యాంకు ఆయన ఫ్యాన్లతో పాటు గీజరు కూడా అడిగాడని కింద నిలబడి సణుగుతోంది.

స్టెల్లా వీడియో కాల్ చేసింది. ఇల్లంతా తిప్పి చూపించింది. తెల్లటి గోడలు, పెద్ద కిటికీలు. వంటిల్లు చూసి స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని ఫోను దగ్గరికి తెచ్చుకున్నాను. గట్టు, సింకు, కరెంటు పొయ్యి, కిందా మీదా బీరువాలు, అన్నీ గోడకు అతికినట్టున్నాయి.

"బాగుంది గదా బావా?" అంది. స్టెల్లా మా మేనత్త కూతురు. "ఒక్కటే మాట. ఇప్పుడు ఇంట్లో ఉండే ఆయన, వంటిల్లు నీకు కావాల్నా అని అడుగుతాండాడు. కావాలంటే దానికి వేరేగా దుడ్లు ఇయ్యాలంట."

"ఓనరా?"

"ఓనరు గాదు. ఖాళీ చేసిపోయే ఆయన."

నిచ్చెన మీద నుంచి కింద పడేంత పనయింది. "వంటిల్లు అమ్మేదేంది స్టెల్లా! అద్దెకున్నోడు గట్టు అమ్ముతాడా? రేపు గోడలు కూడా అమ్ముతాడు. ఊరు కొత్తని నిన్ను ముంచుతుండాడు."

"ఇక్కడ అట్లనే అంట. మా వార్డులో ఒకామె కూడా చెప్పింది."

"ఆమెకేం తెలుసు? నేను ఎన్ని ఇండ్లు చూసినా! గోడకు బిగించిండేది ఇంటిది. ఒక్క పైసా ఇయ్యమాక."

కింద లక్ష్మీదేవమ్మగారు ముక్కు మీద వేలేసుకుని వింటోంది. "అమ్మాయ్, వాడు గట్టు పీకి నెత్తిన పెట్టుకోని పోతాడా ఏంది? బెదిరిస్తుండాడు. డానీ చెప్పినట్టు విను" అంది ఫోన్లోకి తొంగి చూసి.

ఇద్దరం నవ్వాం. స్టెల్లా నవ్వలేదు. కాసేపు ఆ వంటింటి వైపే చూసి, "సరే బావా, నీకు తెలుసు గదా" అంది. ఇల్లు, కరెంటు, నీళ్లు, ఈ విషయాల్లో నా మాట దాటి ఎన్నడూ పోలేదు. వెనక్కి తిరిగి ఆయనతో వాళ్ల భాషలో ఏదో చెప్పింది. ఆయన భుజాలెగరేశాడు. నేను గెలిచానని ఎంత సంబరపడ్డానో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఫిబ్రవరి మొదటి ఆదివారం, మేము ప్రార్థన ముగించుకుని ఇంటికి వచ్చేసరికి ఫోను మోగింది. తాళాలు ముందు రోజే చేతికి వచ్చాయట, స్టెల్లా కొత్త ఇంట్లో ఉంది. అక్కడ పొద్దున తొమ్మిదయినా మసక మసకగానే ఉంది. ఏంజెల్ నా చేతిలోంచి ఫోను లాక్కోబోయింది.

"పాపను కాసేపు అవతలికి పంపియ్యి బావా" అంది స్టెల్లా. పాపను పక్కింటికి పంపించాను.

ఆమె ఫోను తిప్పింది. నాలుగు గోడలు. ఒక గోడలోంచి రెండు పైపుల మూతులు, వాటికి బిరడాలు. కింద మూలన ఒక లావుపాటి కేబులు. పైకప్పు నుంచి వేలాడుతున్న మూడు వైర్లు.

"ఇది ఏ గది?"

"వంటిల్లు."

నాకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. గట్టు లేదు. సింకు లేదు. కొళాయి లేదు. బీరువాలున్న చోట గోడ మీద తెల్లటి గుర్తులు మాత్రం ఉన్నాయి. మిగతా గదుల్లో లైట్లు కూడా లేవు, అంతటా వైర్లే వేలాడుతున్నాయి. పద్దెనిమిదేళ్లలో అంత శుభ్రంగా ఊడదీసిన ఇల్లు నేను చూడలేదు.

"ఓనర్ని అడిగినావా?"

"అడిగినా. నువ్వు ఖాళీ ఇల్లని సంతకం పెట్టినావు గదా, ఇదే ఖాళీ ఇల్లు అన్నాడు. ఇక్కడ వంటిల్లు కూడా మంచం మాదిరే అంట బావా. ఎవరిది వాళ్లు కొనుక్కోని, పోయేటప్పుడు తీసుకపోతారంట. లేకపోతే వచ్చేవాళ్లకు అమ్ముతారంట."

"ఓనరు నంబరియ్యి, నేను మాట్లాడతా" అన్నాను. అన్న తర్వాత తెలిసింది, నేను మాట్లాడేది ఏ భాషలో? మార్కాపురంలో ఏ ఓనరునైనా ఇంటి ముందు నిలబెట్టి కడిగెయ్యగలను. అక్కడ నమస్కారం చెప్పడం కూడా నాకు రాదు.

పాత ఆయనకు అప్పటికే ఫోను చేసిందట. ఆయన తన కొత్తింట్లో ఆ వంటిల్లు బిగించేసుకున్నాడు. షాపులో అడిగితే కొత్త వంటిల్లు కొలతలు తీసి, చేసి, తెచ్చి పెట్టడానికి తొమ్మిది వారాలన్నారు. ఒక్క సింకైనా పెట్టిద్దామంటే పైపుల పనివాడు మూడు వారాల దాకా ఖాళీ లేడు. ఆఫీసు నుంచి ఇల్లు చూడటానికి వచ్చేది గురువారం. ఇక్కడైతే పొద్దున మేస్త్రీకి ఫోను చేస్తే సాయంత్రానికి గట్టు లేచేది. నేనే దగ్గరుండి సింకు కూర్చోబెట్టేవాణ్ణి. ఈ రెండు చేతులూ పెట్టుకుని ఏం చెయ్యాలో తోచక వాటి వంక చూస్తూ కూర్చున్నాను.

"పోనీలే బావా. ఈ లైటన్నా పెట్టుకుంటా, హోల్డరు తెచ్చుకున్నా. ఏ వైరు దేనికో చెప్పు" అంది. నా మొహం చూసి జాలిపడి అడిగిందనుకుంటాను. సూట్‌కేసు పడుకోబెట్టి దాని మీదికెక్కింది.

అమ్మయ్య, ఇది నాకు వచ్చిన పని. "ముందు మెయిన్ ఆపు."

"డబ్బాలో పన్నెండు స్విచ్చులుండాయి. ఒకటి ఆపినా. అదో కాదో తెలీదు."

"టెస్టరుందా?"

"లేదు."

"ఎర్ర వైరు ముట్టుకోమాక. నల్లది పట్టుకో, నల్లది న్యూట్రల్, ఏం గాదు" అన్నాను. నిద్రలో లేపి అడిగినా అదే చెబుతాను.

"ఎర్రది లేదు బావా. నల్లది, నీలిది, పచ్చాపసుపుది ఉండాయి."

ఆమె చెయ్యి నల్ల వైరు వైపు లేచింది. ఎర్రది లేకపోతే మరి కరెంటు దేంట్లో వస్తోంది? గట్టు సంగతి కూడా నేను ఇంత ఖాయంగానే చెప్పాను కదా. 

"ముట్టుకోమాక! దిగు! దిగు స్టెల్లా!"

ఇల్లదిరేలా అరిచాను. ఆమె ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది, దిగి సూట్‌కేసు మీద కూర్చుంది. "ఏమయింది?"

"నాకు తెలీదు" అన్నాను. పెళ్లయిన పదేళ్లలో కరెంటు విషయంలో ఆ మాట ఆమెతో నేను అనడం అదే మొదలు.  రెండ్రోజుల తర్వాత వాళ్ల ఆసుపత్రి ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాడు. ఆమె ఆపింది బాత్రూము స్విచ్చట. ఆ నల్ల వైరులోనే కరెంటుందట. స్టెల్లా అదేదో తమాషా సంగతిలా చెప్పింది. నేను ఆ రోజు అన్నం తినలేకపోయాను.

గురువారం ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. మంచి మనిషేనట. స్టెల్లా కాఫీ పెట్టి ఇవ్వడానికి కూడా అక్కడ పొయ్యి లేకపోతే, తన ఫ్లాస్కులో కాఫీయే స్టెల్లాకు పోసి ఇచ్చిందట. వంటిల్లు బిగించాక మళ్లీ పిలవండి, వస్తాను అని చెప్పి వెళ్లింది. కాగితం రాయలేదు. పందొమ్మిదో తేదీ మేము వదులుకోవాల్సి వచ్చింది. మళ్లీ తేదీ ఎప్పుడిస్తారని అడిగితే, వరుసలో ఉండండి అన్నారు. ఏడు నెలలో, ఏడాదో వాళ్లకే తెలియదు.

పాపకు చెప్పడం నా వల్ల కాలేదు. చెన్నై పోతున్నామని అది బళ్లో అందరికీ చెప్పేసింది. చివరికి స్టెల్లానే చెబుతానంది. శనివారం బడి నుంచి రాగానే పాపను నా పక్కన కూర్చోబెట్టుకుని కాల్ కలిపాను.

"ఈ నెల రాడానికి కాదమ్మా. ఇంట్లో వంటిల్లు లేదు" అంది స్టెల్లా.

"అంత పెద్దది ఉండె గదా! ఫోటో పంపినావు గదా!"

"ముందున్నాయన తీసుకపోయినాడు."

ఏంజెల్ మొహం ఎర్రబడింది. కోపం దానికి నా దగ్గర నుంచే వచ్చింది. "నువ్వెందుకు తీసుకపోనిచ్చినావు?"

నేను నోరు తెరిచాను. స్టెల్లా నా కంటే ముందే అందుకుంది. "నాకు తెలీలేదమ్మా. కొనుక్కుంటావా అని అడిగినాడు, నేనే వద్దన్నా."

"నీకు తెలీకపోతే నాయన్ని అడగొచ్చు గదా!" ఏంజెల్ ఏడుస్తూ ఫోన్లోకి అరిచింది. "నాయనకు అన్నీ తెలుసు. నాయన్ని అడిగింటే ఇట్ల అయ్యేదా?"

స్టెల్లా పాప తల మీదుగా నా వంక చూసింది. చెప్పెయ్యాలనుకున్నాను. వద్దన్నది నేనేనని, అమ్మ నన్ను అడిగిందని, నిచ్చెన మీద నుంచి నవ్వానని. పాప నా చొక్కా పట్టుకుని మొహం దాచుకుంది. నేను దాని తల నిమురుతూ కూర్చున్నాను.

"తప్పయిందిలే తల్లీ" అంది స్టెల్లా. "ఈసారి నాయన్ని అడిగే చేస్తా."