హిల్డా ఆంటీ పంపిన కార్డులు

పటం మీద బీడు హద్దుల వెంట ఎర్రగీత గీయాలి. కనీసం ముప్పై మందిచేత సాక్ష్య పత్రాలు నింపించాలి. పాత ఫొటోలు సేకరించి వెనక తేదీలు రాయాలి. అన్నిటికంటే ముందు హిల్డా సగ్డెన్ సంతకం తీసుకోవాలి.

ఇంగ్లండ్‌లోని మా హాలిన్‌రాయ్డ్ ఊళ్ళో ఈ పనులన్నీ నా మీద పడ్డాయి. మా ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి కాగితాల సంగతి నాకే తెలుస్తుందని ఊరు నమ్మింది. టెంటర్ బీడు ఒకప్పుడు ప్రభుత్వ నీటి బోర్డుది, అంటే అందరిదీ. 1989లో ప్రభుత్వం బోర్డును అమ్మేసినప్పుడు బీడు కూడా దాన్ని కొన్న కంపెనీ చేతికి పోయింది. ఇప్పుడు కంపెనీ దాన్ని ఇళ్ళు కట్టేవాళ్ళకు అమ్మబోతోంది. ఆపడానికి చట్టంలో ఒకటే దారి ఉంది. ఊరివాళ్ళం ఇరవై ఏళ్ళుగా ఆ నేలను దౌర్జన్యం లేకుండా, చాటుమాటు లేకుండా, అనుమతి తీసుకోకుండా వాడుకున్నామని చూపిస్తే అది ఊరి పచ్చికగా నమోదవుతుంది, ఇక అక్కడ ఎవరూ ఇళ్ళు కట్టలేరు. ఆ మూడోది నాకూ మొదట వింతగానే తోచింది. అనుమతి ఇచ్చినవాళ్ళు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు కాబట్టి, దానితో నడిచినవాళ్ళకు హక్కు రాదు.

హిల్డాకు ఎనభై మూడేళ్ళు. ఉన్ని మిల్లులో పనిచేసి రిటైరైన దగ్గర్నుంచీ రోజూ పొద్దున్నే కుక్కతో బీడు చుట్టి వచ్చేది. అంతకంటే మంచి సాక్షి మాకు లేదు. నేను వెళ్ళేసరికి టీ పోసి, అల్లం కేకు కోసి పెట్టి, పత్రం చివరి గడిలో గుండ్రటి అక్షరాలతో రాసింది: ఏటా క్రిస్మస్‌కు కంపెనీకి కార్డు పంపేదాన్ని, మమ్మల్ని నడవనిస్తున్నందుకు థాంక్స్ చెబుతూ.

కప్పు బల్ల మీద పెట్టేశాను. "ఎన్నేళ్ళు పంపారు, ఆంటీ?"

"ఇరవై రెండు. ఒకరి నేల మీద నడుస్తూ నోరు మెదపకుండా ఉంటామా, తల్లీ?"

సంగతి విడమరిచి చెప్పాను. ఆమె ముఖం వాడిపోయింది. బీడు తనవల్లే పోతుందా అని అడిగింది. ఆ వాక్యం కొట్టేయమని నేను అడగబోతుండగానే సంతకం పెట్టేసి, జరిగింది జరిగినట్టే ఉండనిమ్మంది. ఆ పత్రాన్ని దస్త్రంలో చేర్చకుండా దాచేయవచ్చు. రెండు రోజులు నా సొరుగులోనే ఉంచాను. మూడో రోజు చేర్చేశాను.

మా దరఖాస్తు మీద విచారణ మెథడిస్టు చర్చి హాల్లో జరిగింది. కంపెనీ లాయరు వెతికి వెతికి ఆ వాక్యాన్నే చదివాడు. అంటే అనుమతితోనే నడిచారన్నమాట అన్నాడు మెత్తగా, సాక్షి కుర్చీలో ఉన్న హిల్డాతో.

"నేను అడగలేదు బాబూ. థాంక్స్ చెప్పాను."

"రెండూ ఒకటే కదండీ?"

"కాదు. నువ్వు తలుపు తీసి పట్టుకుంటే థాంక్స్ అంటాను. పట్టుకోకపోయినా లోపలికి వచ్చేదాన్నే."

వెనక వరసల్లో నవ్వారు. విచారణాధికారి నవ్వలేదు. కంపెనీ నుంచి ఎప్పుడైనా జవాబు వచ్చిందా అని అడిగాడు.

"ఇరవై రెండు కార్డులకు ఒక్క ముక్క రాలేదండీ. ఆ పెంపకం ఏమిటో."

ఎవరూ ఇవ్వని అనుమతి అనుమతి కాదని ఆయన తన నివేదికలో రాశాడు. మరుసటి వసంతంలో బీడు ఊరి పచ్చికగా నమోదైంది.

అప్పటికే మోకాళ్ళు నడవనివ్వక హిల్డా హల్ పట్టణంలో ఉన్న మేనకోడలి ఇంటికి మారిపోయింది. నమోదైన సంగతి ఫోన్ చేసి చెప్పాను. గడ్డి ఎంత ఎత్తు లేచిందని అడిగింది. నమోదు పుస్తకంలో హద్దులున్నాయి, తేదీ ఉంది. ఆమె పేరు మాత్రం ఎక్కడా లేదు. మీరెప్పుడైనా ఆ బీడు మీదుగా నడిస్తే హిల్డా సగ్డెన్‌ను ఒకసారి తలుచుకోండి.