రెండో ఆల్బమ్‌లో చెంచురామయ్య

బస్తా మూతి దగ్గరకు లాగి, పైకి పొంగిన మిరపకాయల్ని పాత డ్రమ్ము పుల్లతో లోపలికి కుక్కి, దబ్బనంతో పురికొస దూర్చాడు చెంచురామయ్య. మూతికి పద్నాలుగు కుట్లు. ఒక్కటీ ఎడంగా పడదు. నల్లపాడు రోడ్డులోని మిర్చి గోడౌన్లో ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఘాటుకు కళ్ళు ఎర్రబడిపోయాయి, ఛాతీలో పిల్లికూతలు. గుండె బాగాలేదని డాక్టరు చెప్పిన సంగతి ఇంట్లో దాచాడు.

ఆ పుల్లకు జత ఉండేది. భార్య రాజ్యం దాంతో ఉడుకుతున్న బట్టలు తిప్పీ తిప్పీ విరగ్గొట్టింది. కాలేజీ రోజుల్లో నలుగురు కలిసి కట్టిన రాక్ బ్యాండులో డ్రమ్ములు ఇతనివి. మొదటి క్యాసెట్‌లో తాళం తప్పాడని మిగతా ముగ్గురూ దుమ్మెత్తిపోశారు. పంతం పట్టి ఆర్నెల్లు అరచేతులు బొబ్బలెక్కేలా సాధన చేశాడు. రెండో ఆల్బమ్‌లో ఒక్క దెబ్బ తప్పలేదు. దాన్ని కొన్న నాథుడు లేడు, అది వేరే సంగతి.

"గడియారమన్నా తడబడుద్దేమో గానీ నేను తడబడలా," అని అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పుకునేవాడు. మనిషి బతకడానికి ఆ మాత్రం చాలు.

ఆ ఆల్బమ్‌నే ఇప్పుడు హైదరాబాదు కంపెనీ ఒకటి తవ్వి తీసింది. పాత పాటలకు అప్పట్లో స్టూడియోలో రికార్డయి మూలపడ్డవన్నీ చేర్చి ఈ రోజే మళ్ళీ విడుదల చేసింది. చెంచురామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

అన్నాల వేళ, తొడిమలు తీసే నాజియా ఫోను పట్టుకొచ్చింది.

"బాబాయ్, వచ్చింది! పెట్టనా?"

"పెట్టమ్మా. సౌండు పెంచు, అందరూ వినాలి."

రెండు పాటలకు అందరూ తలలూపారు. గుమాస్తా శేషాచలం కూడా కాలు ఆడించాడు. చెంచురామయ్యకు కడుపు నిండిపోయింది, క్యారేజీ మూత తియ్యలేదు.

"చివర్న ఏవో మాటలున్నాయి బాబాయ్," అంటూ నాజియా నొక్కింది.

బ్యాండులో పాటగాడు ప్రద్యుమ్న గొంతు. అప్పటి పడుచు గొంతు, నవ్వుతోంది.

"చెంచుగాడు వాయించిందంతా తీసేసి డ్రమ్ముల మెషిన్ పెట్టేశాంరా. వాడికి మాత్రం చెప్పకండి. కవరు మీద పేరు వాడిదే ఉండనీ. ఎవడు వింటాడు గనక!"

ఫోను ఆపేద్దామని నాజియా వేళ్ళు తడుముకున్నాయి. అప్పటికే ఆలస్యమైంది.

"ఏమయ్యా, నెల్రోజుల నుంచి కుట్టు మెషిన్ మూలన పడుంది. బస్తాలు కూడా దాంతోనే కుట్టించమంటావా?" అన్నాడు శేషాచలం. గోడౌనంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా చెంచురామయ్యే నవ్వాడు.

తర్వాత వెళ్ళి బస్తా ముందు కూర్చున్నాడు. పుల్లను కాయల్లోకి నిలువునా దూర్చి, ఏడు కుట్లు వేశాడు. ఎనిమిదోది ఎడంగా పడింది. దాన్ని విప్పలేదు. బస్తాకు తల ఆనించాడు. అలిగాడనుకుని గంటసేపు ఎవరూ పలకరించలేదు. టీ తెచ్చిన నాజియా భుజం తట్టేసరికి మనిషి పక్కకు ఒరిగిపోయాడు.

ఆటోలో శవాన్ని ఇంటికి పంపారు. లారీ వాడు హారన్ కొడుతున్నాడు. మిగిలిన సగం మూతిని మెషిన్ చిటికెలో కుట్టేసింది. బస్తాలో, ఎర్రటి కాయల మధ్య, కొస నలిగిన డ్రమ్ము పుల్ల నిలువుగా ఉండిపోయింది.