విత్తనానికి ఉంచిన ఆల్చిప్పలు

ఒంగోలు నుంచి వచ్చిన ముత్యాల వ్యాపారి నతానియేలు జేబురుమాలు తడిపి ముత్యాన్ని రుద్దుతుంటే నాజియా ఆ రుమాలునే చూస్తోంది. ఆ బంగారు రంగు సహజమేనని ఆయన ఒప్పుకోకపోతే, ఆల్చిప్పలు పెంచే కుంట నీళ్లన్నీ మిరప చేనుకు తోడేస్తానని మామ మీరా హుస్సేన్ పొద్దున్నే మోటారు పైపు దించి కూర్చున్నాడు. నీళ్లు పోతే ఆల్చిప్పలూ పోతాయి, ఆరేళ్ల కష్టమూ పోతుంది.

రుమాలుకు రంగు అంటలేదు.

"అయినా కుంటలో ఇంత పసుపుపచ్చ ముత్యం నేనెక్కడా చూళ్లేదమ్మా. రంగేమన్నా వేశారా?"

"మిరపకాయలకి రంగేసినోణ్ణి మార్కెట్ యార్డులో ఏం చేస్తారో మాకు తెలుసండీ." అంది నాజియా.

"అయితే ఆ గట్టు పక్క వేరే బుట్టలో ఉన్నాయే, వాటిల్లో ఒకటి కోసి చూపించు."

నాజియా ఆ బుట్టకు అడ్డంగా నిలబడింది. అవి కోసేవి కావు. బంగారు రంగు అంచున్న ఆల్చిప్ప లోపలి పొర ముక్క కోసి ఇంకోదాంట్లో పెడితే ముత్యానికి ఆ రంగే దిగుతుంది. పొర ఇచ్చింది మాత్రం చచ్చిపోతుంది. అన్నిటికన్నా మంచిదాన్నే కోయమన్నారు ముత్యాల సాగు శిక్షణలో. తొమ్మిదో తరగతితో బడి మానేసిన నాజియా ఆ ఒక్క మాట వినలేదు. పుట్టింట్లో వాళ్లమ్మ మంచి రంగున్న మిరప చెట్టుకు గుడ్డపీలిక కట్టేది. ఇంట్లో ఎంత ఇబ్బందున్నా ఆ కాయలు అమ్మేది కాదు. నాజియా కూడా మేలైనవాటిని విత్తనానికని వేరే బుట్టలో ఉంచి, రెండో రకం వాటినే కోసింది. ఆ తల్లుల పిల్లల్లోంచి మళ్లీ మేలైనవి ఏరుతూ వచ్చింది. మొదట్లో ముత్యాలు పాలిపోయి వచ్చాయి. పసుపేసిన మజ్జిగ చుక్కల్లా ఉన్నాయని ఊరంతా నవ్వింది.

"కోయనండీ. అవి తల్లులు."

"మరి నమ్మేదెట్టా?"

వేపచెట్టు కింద కూతురు ఫర్హానా చిప్పలతో వంటలాట ఆడుకుంటోంది. పొర ఇచ్చి చచ్చిన ఆల్చిప్పల్ని పారేయలేక నాజియా పాపకిస్తూ వచ్చిన చిప్పలవి. గుర్తుకోసం అంచున పెట్టినవి, తల్లుల మొదటి కాన్పువాటికి ఒక గాటు, రెండో కాన్పుకు రెండు, మూడో కాన్పుకు మూడు.

"ఫర్హా, నీ గిన్నెలు ఓసారి ఇయ్యమ్మా."

"మళ్లీ ఇచ్చేయాలి!"

గోనెపట్టా మీద వరసగా పేర్చింది. ఒక గాటువి మీగడ రంగు. రెండు గాట్లవి లేత పసుపు. మూడు గాట్లవి పుటం పెట్టిన బంగారం. నతానియేలు ముత్యాన్ని ఆఖరి చిప్పలో పెట్టాడు. చిప్పేదో ముత్యమేదో తెలీకుండా కలిసిపోయింది.

ఆయన ముత్యాన్ని చిప్పలో అటూ ఇటూ దొర్లించి చూశాడు. "సహజమేనమ్మా," అన్నాడు చివరికి. "ఇదంతా ఎక్కడ నేర్చావు?"

నాజియా నోరు తెరిచేలోగా మామ అందుకున్నాడు. నలభై ఏళ్లుగా మిరప విత్తనం ఏరిన మనిషి ఆయన.

"నేర్చుకునేదేముందండీ? విత్తనం విలువ తెలిసిన పిల్ల. మా కోడలు!"

లేచి మోటారు పైపు గట్టు మీదికి లాగేశాడు. చేలో ఉన్న కొడుక్కి వినపడేలా కేకేశాడు. "ఒరేయ్ గఫూరూ! కుంట జోలికి రామాక. బోరు నీళ్లు పెట్టు!"

నాజియా కొంగుతో మొహం తుడుచుకుంది. ఫర్హానా వచ్చి గిన్నెలు సర్దుకుంటూ ఒకటి తక్కువైందని గోల మొదలుపెట్టింది.

మూడు గాట్ల చిప్ప తాత చొక్కా జేబులో ఉంది. వ్యాపారిని సాగనంపే సాకుతో ఆయన అప్పటికే, ఒకప్పుడు నవ్విన ఊళ్లోకి దాన్ని చూపించడానికి బయల్దేరాడు.