సాయం చేసేవాళ్ల గడి

"అమ్మా, గోల్ చార్టు నువ్వే చేపియ్యాలె. పేరెంట్స్ తోని చేయమన్నడు సారు" అంటూ మా సౌమ్య చార్టు తెచ్చి నేను పిండి రుబ్బుతున్న గ్రైండర్ పక్కనే పరిచింది. ఆదివారం సాయంత్రం. మా ఆయన నగేష్ మంచం మీద ఫోన్ చూసుకుంటున్నాడు. పేరెంట్స్ అంటే నేనే అని ఈ ఇంట్లో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు.

తొమ్మిదో తరగతి పిల్ల. పశువుల డాక్టర్ కావాలట. ఆ మాట పైన పెద్దక్షరాలతో రాసి, కింద "బాగా చదవాలి" అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకుంది. "గిట్ల రాస్తే ఏం లాభం బిడ్డా? మీ తాత మందను తోలేటప్పుడు ఎట్ల జేస్తుండె?" అని అడిగాను. మా మామ బిక్షం వరికోతలయ్యాక గొర్రెలను నేరేడుచర్ల నుంచి హాలియా దాకా తోలుకుపోయేవాడు. ఇల్లు కదలకముందే ఆఖరి మజిలీ అనుకుని, అక్కడి నుంచి మనసులోనే వెనక్కి నడిచి వచ్చేవాడు. చివరి రాత్రి ఎవరి మడిలో మంద పెట్టాలి, అంతకుముందు నీళ్లెక్కడ తాపాలి, మేత ఏ తొవ్వన దొరుకుతుంది, అన్నీ చూసుకునేవాడు. "నువ్వు గూడ గట్లనే ఎనకకు రా. సీటు రావాల్నంటే ఏం పరీక్ష? దానికి ఇంటర్ల ఏ గ్రూపు? మరి ఇప్పుడు నీకు ఏం రావాలె?"

సౌమ్యకు హుషారొచ్చింది. గీతలు కొట్టి గడులు చేసింది. రోజూ జీవశాస్త్రం, ఆదివారాలు సూర్యాపేటలో కోచింగ్, సెలవుల్లో పశువుల దవాఖానకు పోయి చూసి రావడం. ప్రతిదానికీ ఒక తేదీ వేసుకుంది.

తల్లి అనాల్సిన మాట కాదు గానీ, కన్నబిడ్డను చూసి నాకు కుళ్లు పుట్టింది. దీని వయసులో నన్ను ఏమవుతావని అడిగినవాళ్లు లేరు. ఇంటర్ పాసైన రోజు మా నాన్న సంబంధం చూశానని చెప్పాడు. పెళ్లయ్యాక డిగ్రీ కడతానంటే మా అత్త బక్కమ్మ, "సదివి ఏం జేస్తవే, గొర్లకు పాఠాలు సెప్తవా?" అని నవ్వింది. నగేష్ "జర పిల్లను పెద్దగ కానియ్" అన్నాడు. పిల్ల పెద్దదయింది. మొన్న మిర్యాలగూడ పోయినప్పుడు ఓపెన్ డిగ్రీ సంగతి కనుక్కొచ్చాను, ఇంట్లో చెప్పలేదు. క్లాసులు ఆదివారాలే. చేరడానికి రేపే ఆఖరు రోజు.

చివరి గడికి "సాయం చేసేవారు" అని పేరు పెట్టి సౌమ్య రాసుకుంటూ పోయింది. పొద్దున లేపడం అమ్మ. డబ్బా కట్టడం అమ్మ. చదివింది అప్పజెప్పించుకోవడం అమ్మ. సూర్యాపేట తీసుకుపోవడం అమ్మ. ఎంత ధీమాగా రాస్తోంది. ఇలా ప్రతి వరుసలో రాసుకోవడానికి ఒక మనిషి నాకుంటే నేనూ ఏదో ఒకటి అయ్యేదాన్ని కదా అని ఏడుపొచ్చింది. దాని చదువు మీద కాదు నా ఈర్ష్య. దానికున్న నా మీద.

"ఆదివారం నాకు కుదరదు. డాడీ పేరు రాయి" అన్నాను.

"డాడీకి ఆదివారం రెస్టు గదమ్మా" అంది చాలా మామూలుగా. దీనికి ఇది ఎవరు నేర్పారనుకున్నాను. మాటల దగ్గర నుంచి అన్నీ నేర్పింది నేనే. ఇది కూడా నేనే నేర్పి ఉంటాను.

పిండి చేయి కొంగుకు తుడుచుకుని, పెన్ను తీసుకుని, సూర్యాపేట వరుసలో అమ్మను కొట్టేసి నగేష్ అని రాశాను.

ఆయన ఫోన్ దించాడు. "నా పేరెందుకు? వారమంత రైసుమిల్లుల దుమ్ము మింగి గా ఒక్కరోజే పండుకుంట."

"తెలుసు. ఖాళీగ ఉండేది నువ్వేనని రాసిన."

"మరి నువ్వేడికి పోతవ్?"

"మిర్యాలగూడల డిగ్రీ క్లాసుకు. రేపు పోయి చేరుతున్న."

ఆయన ఏదో అనబోయాడు గానీ సౌమ్య ముందే అందుకుంది. చార్టును తన వైపు లాక్కుని, మొహం ముడుచుకుని అడిగింది.

"నాకంటె నీకు గా క్లాసే ఎక్కువనా అమ్మా?"

"ఆదివారం ఒక్కరోజు, అవును బిడ్డా" అన్నాను.