ఏమని తిట్టాలె?

"ఒక్క సంతకం పెడితే అయిపాయె. గంత ఆలోచన ఏంది?" అని పొద్దున మొగుడు సాయికుమార్ అన్న మాట పప్పు తాలింపు వేస్తున్నప్పుడూ, డబ్బాలు సర్దుతున్నప్పుడూ రమ్యను వదల్లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కాక సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు. అతను మాత్రం నిశ్చింతగా కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

మస్కట్‌లో నర్సు ఉద్యోగం వచ్చింది. అడ్డమంతా పాస్‌పోర్టే. చదువు సర్టిఫికెట్లన్నీ స్వప్న పేరు మీద, ఆధార్ రమ్య పేరు మీద ఉన్నాయి. రెండూ తనేనని అఫిడవిట్ ఇచ్చి, పేపర్లో ప్రకటన వేయించి, ఏదో ఒక పేరు ఖాయం చేసుకోవాలి. ఏ పేరో ఆమెను ఎవరూ అడగలేదు. రమ్యేనని ఇంట్లో తేల్చేశారు.

అప్పుడు మాత్రం ఎవరడిగారు కనుక! సంబంధం కుదిరిన రోజే అత్త అండాలమ్మ అందరి ముందూ అంది, "మా పెద్దబిడ్డ పేరు గూడ స్వప్ననే. కోపమొస్తే కోడల్ని ఏమని తిట్టాలె? నా బిడ్డకు తాకదా?" అందరూ పడీ పడీ నవ్వారు. పెళ్లికూతురైన తనూ నవ్వింది. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తిట్టడానికి వీలుగా ఉండాలని పెట్టిన రమ్య పేరు శుభలేఖ ఎక్కింది, రేషన్ కార్డు ఎక్కింది, ఆధారూ ఎక్కింది. రమ్యా నీళ్లు, రమ్యా ఉప్పెక్కువైంది, రమ్యా నా చొక్కా ఏది! పనిలేకుండా ఆ పేరు పెట్టి ఎవరూ పిలిచిన గుర్తు లేదు. ఆడబిడ్డ వచ్చినప్పుడు "స్వప్నా, తిన్నవా బిడ్డా?" అని అత్త ప్రేమగా అడిగితే, వంటింట్లోంచి "ఇంకా తినలే" అనబోయి ఎన్నిసార్లు నాలుక కరుచుకుందో!

ఎల్బీ నగర్ కోర్టు ఎదురుగా ఉన్న చిన్న ఆఫీసులో నోటరీ శేషారత్నం కాగితం చదివి వినిపించింది. "వివాహానంతరం నా ఇష్టపూర్వకంగా స్వప్న అనే నా పేరును రమ్యగా మార్చుకున్నాను. సరిపోయిందాండీ? ఇక్కడ సంతకం పెట్టండి."

రమ్య పెన్ను తీసుకుంది, మళ్లీ పెట్టేసింది. "ఇష్టంతోనే అని ఉండాల్నా మేడం?"

"ఉండాలండి. మీ పేరు మీరే మార్చుకోవాలి. ఇంకొకళ్లు మార్చడం కుదరదు."

"అయితే తిప్పి రాయుండ్రి. రమ్య పేరు తీసేసి, నా ఇష్టంతోని స్వప్న పేరే పెట్టుకుంటున్న."

సాయికుమార్ ఫోన్‌లోంచి తలెత్తాడు. "పరేషాన్ జేస్తున్నవేంది? ఆధార్ మళ్ల మార్చాలె. ఇంట్ల ఇద్దరు స్వప్నలుంటే నిన్ను నేను ఎట్ల పిలవాలె?"

"మీ అక్కను నువ్వు ఎన్నడన్న పేరు వెట్టి పిలిచినవా? అక్కా అనే అంటవు గద."

అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. గొంతు తగ్గించి, "మరి అమ్మ?" అన్నాడు.

"తిట్టుడు బంద్ జెయ్యమను."

ఇంటికెళ్లాక ఎంత గోల అవుతుందో ఆమెకు తెలుసు. బయటి వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూ ఉండిపోయింది. కొత్త కాగితం టైపయ్యాక లోపలి నుంచి శేషారత్నం పిలిచింది.

"స్వప్నగారూ!"

ఈసారి నాలుక కరుచుకోలేదు. "ఒస్తున్న" అంది.