మిషన్ గోడ బయటి పాప

శాంతా బిబియానా మిషన్ చర్చి గోడలకు మట్టి తొక్కింది, ఈ నేల మీద మొదటి నుంచీ ఉన్న మా ముత్తాతలే. స్పెయిన్ ఫాదర్లు గంట కొడితే లేచారు, గంట కొడితే తిన్నారు, జ్వరాలొచ్చి పిట్టల్లా రాలిపోయారు. బాప్తిస్మం ఉన్నవాళ్ళను గోడ లోపల పూడ్చారు, లేనివాళ్ళను బయట. తర్వాత ఊరి పెద్దమనుషులు ఆ బయటి నేలలో గులాబీలు నాటి, ఫౌంటెన్ కట్టి, పార్కు అన్నారు. కింద ఎవరున్నారని మమ్మల్ని అడిగిన పాపాన పోలేదు.

పార్కు రాకముందే పూడ్చిన నా నేస్తం తొలిచూలు బిడ్డా అక్కడే ఉంది. పుట్టి నెల తిరక్కుండానే, బాప్తిస్మం కాకుండానే పోయింది. మొన్న పైపు వేయడానికి తవ్వితే చిన్న చిన్న ఎముకలు బయటపడ్డాయి, వాటితోపాటు గవ్వపూసల కంకణం ఒకటి. ఆ పూసలు గుచ్చింది నా నేస్తమే.

పార్కు ఆఫీసరమ్మ మంచిదే. "బిడ్డ పేరు చెప్పండమ్మా, గోడ లోపల పూడ్చి రాయి వేయిస్తాం. పేరు లేకపోతే మ్యూజియానికి పంపాలి. రూలు అలా ఉంది" అంది.

ఏం రూలో, ఏం పాడో! మా వాళ్ళలో పోయినవాళ్ళ పేరు ఎవరూ ఎత్తరు. ఎత్తితే, పైలోకానికి తమ దారిన పోతున్నవాళ్ళు ఆగి వెనక్కి చూస్తారు.

"చెప్తాను" అంది నా నేస్తం.

"మతి పోయిందటే నీకు? పిల్ల వెనక్కి చూస్తుంది!" అని కసిరాను.

"చూడనీవే తోమసా. అమ్మేగా పిలిచింది అనుకుంటుంది. దాన్ని మ్యూజియంలో అట్టపెట్టెలో పెడతామంటే ఎట్టా ఊరుకోను?"

నోరు తెరిచింది. మాట రాలేదు. మళ్ళీ తెరిచింది. పెదాలు కదిలాయి, అంతే. యాభై ఏళ్ళుగా మనసులో కూడా అనుకోకుండా అణిచిపెట్టిన పేరు.

"రావడంలేదే... ఒసేయ్, నా బిడ్డ పేరు నాకు రావడంలేదే!" అని నెత్తి బాదుకుంది.

దాని మొగుడు ఎప్పుడో పోయాడు. నాకూ తెలియదు. అప్పట్లో నేను నారింజ తోటల్లో కూలికి పోయాను. తిరిగొచ్చేసరికి పిల్ల మట్టిలో ఉంది, ఇక పేరు అడగడానికి లేదు.

నా నేస్తం కొంగుతో ముఖం తుడుచుకుని, "దానికి నా పేరే రాసుకో తల్లీ" అంది ఆఫీసరమ్మతో.

"వద్దే!" అని చెయ్యి పట్టుకున్నాను. "రాయెక్కితే అది చచ్చినవాళ్ళ పేరవుతుంది. నేను నిన్ను ఏమని పిలవాలే?"

"పిలవకు. దానికి పాలు కూడా సరిగ్గా పట్టలేకపోయాను. ఇదైనా ఇవ్వనీ."

పాపను గోడ లోపల పూడ్చాం. నా నేస్తం పేరు చెక్కి రాయి వేశారు.

నిన్న చిక్కుడుగింజలు ఉడికించి, పెరటి కంచె మీంచి దాన్ని పిలవబోయాను. చిన్ననాటి నుంచి పిలిచిన పేరు నాలుక దాకా వచ్చింది. మింగేశాను. చుట్టూ తిరిగి వెళ్ళి భుజం తట్టాను.

"దొంగలా వచ్చావేంటే, నోరు పడిపోయిందా?" అని నవ్వింది.

దాని ఒళ్ళో తలపెట్టి భోరుమన్నాను. దాన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నే. మనిషి ఎదురుగా ఉంది, పిలిస్తే పలుకుతుంది, పిలవడానికి లేదు.