మొదలుపెట్టిన పేరు పూర్తయ్యేదాకా

దేవుణ్ణి కరెంటు గురించి అడగవచ్చా అన్న సందేహం ఎంబ్రాయిడరీ మాస్టారికి తొమ్మిదేళ్ళుగా ఉంది. ఆరోగ్యం అడగవచ్చు, పిల్లలకి చదువు అడగవచ్చు, మంచిబుద్ధి తప్పకుండా అడగవచ్చు. కానీ "స్వామీ, ఇవాళంతా కరెంటు తియ్యకు" అని అడగడం ఎంతవరకు సబబు? తీసేది ఆయన కాదు గదా, సబ్‌స్టేషన్‌లో కూర్చున్న మనిషి. ఆ మనిషి చేతిని పట్టుకోమని పైవాడికి అర్జీ పెట్టుకోవడమంటే, పక్కింటి కుక్క మొరగకుండా చూడమని పెద్ద జడ్జీగారి తలుపు కొట్టడం లాంటిదే.

అయినా రోజూ అడిగేవారు. మిషన్ ముందున్న పటానికి దణ్ణం పెట్టుకుని, ఒక కన్ను దేవుడి మీద, ఒక కన్ను మీటరు పెట్టె మీద ఉంచి స్విచ్ వేసేవారు.

ఆ మిషన్ పాతది. కంప్యూటర్‌లో గీసిన బొమ్మని పొల్లు పోకుండా గుడ్డ మీద కుడుతుంది. దాని లోపం ఒక్కటే. మధ్యలో కరెంటు పోతే ఎక్కడ ఆగిందో మరిచిపోతుంది. గుడ్డని పట్టి ఉంచే ఫ్రేము వెంట్రుకవాసి పక్కకి జరుగుతుంది. ఆ తరువాత ఎంత జాగ్రత్తగా మొదలుపెట్టినా సగం పువ్వు ఒకచోట, సగం పువ్వు ఒకచోట. విప్పితే గుడ్డ నిండా చిల్లులు.

మొదట్లోనే బావమరిది సలహా మీద పెద్ద ఇన్వర్టర్ కొన్నారు. "బావా, ఇది పెట్టావంటే ఊరంతా చీకటైనా నీ కొట్టు చందమామే" అన్నాడు అతను. అన్నట్టే అయింది. కరెంటు పోతే లైట్లు వెలిగేవి, ఫ్యాను తిరిగేది, రేడియో పాడేది. మిషన్ ఒక్కటే ఆగిపోయేది. పాడైన పనిని వెలుతురులో మరింత స్పష్టంగా చూసుకోవడానికే ఇన్వర్టర్ కొన్నట్టయింది. మిషన్‌లోనే ఏదో రోగం ఉందనుకున్నారు మాస్టారు. మళ్ళీ దొరకని గుడ్డ ఏదైనా వస్తే తెల్లవారుజామున, కరెంటు జోలికి ఎవరూ రాని వేళ, కుట్టుకునేవారు.

ఇప్పుడు ఆ వేళ కూడా పోయింది. వీధిలో తీగలు మారుస్తున్నారు. కరెంటు ఎప్పుడు పోతుందో స్తంభం ఎక్కినవాడికే తెలియదు.

సరిగ్గా అప్పుడే రొట్టెల పెద్దాయన గుడ్డ పట్టుకుని వచ్చారు.

పెద్దాయనది నాలుగు గుమ్మాల అవతల రొట్టెల దుకాణం. ఒకప్పుడు ఆయన భార్య ఒక తెల్ల తాను తెచ్చి, తనకీ ఆయనకీ పనిలో వేసుకునే కోట్లు కుట్టించింది. ఆవిడ పోయాక, ఆరేళ్ళ కిందట, ఆయన తన కోటు తెచ్చి జేబు మీద ఆవిడ పేరు కుట్టమన్నారు. నాలుగక్షరాల పేరు. రెండో అక్షరం అవగానే కరెంటు పోయింది. చివరి రెండక్షరాలూ మెట్టు దిగినట్టు కిందికి జారాయి.

ఆ సాయంత్రం మాస్టారు నోట ఒక మాట వచ్చింది. "గుడ్డ పాతదండీ బాబాయ్, సూదిని ఓర్చుకోలేదు." పెద్దాయన కోటుని అటూ ఇటూ తిప్పి చూసి, "నీ తప్పేముందిలే" అని తొడుక్కుని వెళ్ళిపోయారు. అప్పటినుంచి రోజూ అదే కోటు. రోజూ పొద్దున రొట్టె కొనడానికి వెళ్ళిన మాస్టారికి జారిపోయిన ఆ రెండక్షరాలే ఎదురొచ్చేవి. ఆ మాటని వెనక్కి తీసుకోవాలని ప్రతిరోజూ అనుకునేవారు. రొట్టె తీసుకుని తిరిగొచ్చేవారు.

ఇప్పుడు పెద్దాయన బల్ల మీద పరిచింది ఆవిడ వేసుకున్న కోటు.

"సోమవారం నుంచి మనవరాలు దుకాణంలో కూర్చుంటానంటోంది. వాళ్ళ నాయనమ్మ కోటే కావాలట. దీనిమీద ఆవిడ పేరు కుట్టు మాస్టారూ. ఇదీ ఆ తానులోదే. ఓర్చుకుంటుందో లేదో మరి. ఓర్చుకోకపోతే మానేద్దాం, ఇదొక్కటే మిగిలింది."

ఆయన వెళ్ళాక మాస్టారు చాలాసేపు ఆ కోటుని తాకలేదు. అది చెడితే మళ్ళీ దొరికేది కాదు. చెడకుండా కుదిరిందా, అదే తాను గుడ్డ కనుక ఆరేళ్ళ నాటి మాట అబద్ధమని తేలిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ముందు ఆ కోటు సంగతి చూడండి, మీ పరువు సంగతి తరవాత" అంది భార్య. కొట్టులో రసీదులు ఇచ్చేది, గుడ్డలకి ఇస్త్రీ చేసేది ఆవిడే. "బజారు చివర బ్యాటరీల కొట్టావిడ ఉంది. వెళ్ళి అడుగుదాం పదండి."

"ఉన్న ఇన్వర్టరే చాల్లేదు. ఇంకోటి పెట్టి ఏం ప్రయోజనం? అయినా రోజూ ఆయన్ని అడుగుతూనే ఉన్నాను కదా. ఇప్పుడు బ్యాటరీ కొంటే ఆయన మీద నమ్మకం లేనట్టు కాదూ?"

"గొడుగు కొన్నవాళ్ళందరూ నాస్తికులా ఏమిటి?"

మాస్టారు చెప్పులేసుకున్నారు.

బ్యాటరీల కొట్టావిడ కుర్చీ చూపించి, కాగితం, పెన్సిలు ముందుకి జరిపింది.

"కరెంటు పోతే ఏవి నడవాలో రాయండి."

మాస్టారు పొందికగా రాశారు. మిషన్, కంప్యూటర్, రసీదుల ప్రింటర్, ఇస్త్రీపెట్టె, రెండు ఫ్యాన్లు, రేడియో, పటం దగ్గర చిన్న బల్బు.

ఆవిడ చదివి నవ్వింది. "ఇది బ్యాటరీతో అయ్యే పని కాదండీ, డ్యాము కట్టాలి. ఆగితే విసుగు పుట్టేవి తీసెయ్యండి. ఆగితే పాడైపోయేవి ఉంచండి."

మాస్టారు రేడియో కొట్టేశారు. ఫ్యాన్లు కొట్టేశారు, అవి ఎలాగూ ఇన్వర్టర్ మీద ఉన్నాయి. ప్రింటర్ కొట్టేస్తుంటే భార్య ఊరుకుంది, రసీదు చేత్తో రాసుకోవచ్చు.

"ఇస్త్రీపెట్టె పేరు కూడా ఎత్తకండి. మీ మిషన్లు ఐదు తినేది అదొక్కటే తింటుంది" అంది కొట్టావిడ. అదీ కొట్టేశారు. పటం బల్బు దగ్గర పెన్సిలు ఆగింది.

"తీసెయ్యండి. దేవుడికి చీకటి కొత్తా?" అంది భార్య.

చివరికి మిషన్, కంప్యూటర్ మిగిలాయి.

"మరి ఇన్వర్టర్ ఉండగా మిషన్ ఎందుకు ఆగుతోందంటారు?" అని అడిగారు మాస్టారు. తొమ్మిదేళ్ళలో ఆ ప్రశ్న అడగవలసిన చోట అడగడం అదే మొదలు.

"ఇన్వర్టర్ తప్పేం లేదండీ. కరెంటు పోయిందని దానికి తెలిసి, లేచి, చెప్పులేసుకుని వచ్చేసరికి ఓ రెప్పపాటు పడుతుంది. ఫ్యానుకి రెప్పపాటు ఓ లెక్కా? మీ మిషన్ మెదడు ఆ రెప్పపాటులోనే ప్రాణం వదిలేస్తుంది. ఇదిగో, దీన్ని ఆన్‌లైన్ యూపీఎస్ అంటారు. ఇది ఎప్పుడూ గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. కరెంటు ఉన్నా పోయినా మీ మిషన్‌కి అందించేది ఇదే. చేతులు మారవు, సందు ఉండదు. ఎంతసేపు నడవాలి?"

"రోజంతా."

"రోజంతా అంటే కొట్టు నిండా బ్యాటరీలు పెట్టి మీరు వీధిలో కూర్చోవాలి. ఒక పేరు కుట్టడానికి ఎంతసేపు?"

"పదకొండు నిమిషాలు. పెద్ద పువ్వయితే ఇరవై."

"అయితే అరగంటది చాలు. మొదలుపెట్టిన పేరు పూర్తవ్వాలి, అంతే కదా. తరవాత కరెంటు వచ్చేదాకా కాళ్ళు చాపుకుని కూర్చోండి."

మాస్టారు తల ఊపారు. ఇన్నేళ్ళూ రోజంతా ఇమ్మని అడుగుతూ వచ్చారు. కావలసింది అరగంట. ఇవ్వకపోవడం కాదేమో, అడగడమే తెలియలేదేమో అనిపించింది.

లేస్తుంటే ఆవిడ ఒక మాట చెప్పింది. "నా మాట నమ్మకండి. పెట్టుకున్నాక మీ చేత్తో మీరే మెయిన్ దించి చూడండి. పనికిరాని పీలిక మీద కాదు. పాడైతే ప్రాణం ఉసూరుమనే గుడ్డ మీద చూడండి. అప్పుడే ధైర్యం వస్తుంది. మూడేళ్ళకోసారి బ్యాటరీ మార్పించుకోండి, అది అమరజీవి కాదు."

మర్నాడు యూపీఎస్ వచ్చింది. మిషన్ బల్ల పక్కన పొడుగాటి ప్లగ్గుల బోర్డు ఒకటి ఎప్పటినుంచో ఉంది. మాస్టారు ఆ బోర్డు తీగని గోడలోంచి పీకి, యూపీఎస్‌కి తగిలించి చేతులు దులుపుకున్నారు. చుట్టాలిళ్ళకి వేసుకెళ్ళే నీలం చొక్కా తెచ్చి ఫ్రేముకి బిగించి, జేబు మీద చిన్న పువ్వు మొదలుపెట్టారు.

"అయ్యో, ఆ చొక్కానా?"

"ప్రాణం ఉసూరుమనాలంది కదా."

నాలుగు రేకులు అయ్యాక మీటరు పెట్టె దగ్గరికి వెళ్ళారు. ఆ కరెంటు పోకూడదని అన్నేళ్ళు వేడుకున్న మనిషికి, దాన్ని తన చేత్తో తియ్యడానికి చెయ్యి రాలేదు. కళ్ళు మూసుకుని దించేశారు.

మిషన్ ఆగలేదు. టకటకా అదే వేగం. ఐదో రేకు అయింది. "నడుస్తోందే!" అని మాస్టారు పొంగిపోయి వెనక్కి రెండడుగులు వేశారో లేదో, యూపీఎస్ కీచుమని అరిచి చచ్చిపోయింది. మిషన్ ఆగింది. పువ్వు జేబు దిగి పోతున్నట్టు వంకరగా నిలిచింది.

అప్పుడు భార్య బోర్డు వైపు వేలు చూపించింది. కుట్టేముందు గుడ్డ వెనక అట్టబట్ట అతికించడానికి వాడే ఇస్త్రీపెట్టె, ఆ బోర్డులో ఎప్పటి చోటనే ఉంది. కాగితం మీద కొట్టేశారు గాని బోర్డులోంచి పీకలేదు. చల్లారేదాకా ఊరుకుని, మళ్ళీ వేడెక్కాలని బుద్ధి పుట్టగానే బ్యాటరీ మీద పడింది.

మాస్టారు చొక్కాని ఫ్రేములోంచి విప్పి పట్టుకుని నిలబడ్డారు. భార్య దాన్ని తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "గుడ్డ పాతదండీ. సూదిని ఓర్చుకోలేదు" అంది.

ఆయన ముందు నవ్వారు. తరువాత ఆ నవ్వు ఆగింది. ఆ మాట వినేవాడి వైపు నుంచి ఎలా ఉంటుందో ఆరేళ్ళలో అదే మొదటిసారి తెలిసింది. గుడ్డ మీద జాలి, దాన్ని ఎంచుకున్నందుకు తనమీద తనకి చిన్నతనం.

ఇస్త్రీపెట్టె అవతలి గోడకి వెళ్ళింది. నీలం చొక్కాకే రెండో వైపు ఇంకో పువ్వు వేశారు. పువ్వు అయ్యేలోపు మాస్టారు మెయిన్ ఏడుసార్లు దించి ఎక్కించారు. "చాల్లెండి, పిల్లాడికి ఆటబొమ్మ దొరికినట్టుంది" అని భార్య కేకేసేదాకా ఆపలేదు. ఆ పువ్వు అద్దినట్టు కుదిరింది.

శనివారం పెద్దాయన స్వయంగా వచ్చి బల్ల ముందు కూర్చున్నారు. చూస్తూ ఉంటానన్నారు. మాస్టారు కోటు బిగించి, దణ్ణం పెట్టుకుని మొదలుపెట్టారు. ఒక అక్షరం. రెండో అక్షరం. మూడో అక్షరం నడుమన ఎదుటి పిండిమిల్లు చప్పుడు ఠక్కున ఆగింది. గోడ దగ్గర ఇస్త్రీపెట్టె ఎర్రదీపం ఆరింది. యూపీఎస్ చిన్నగా కూసింది.

మాస్టారి చేతులు వాటంతటవే ఫ్రేము వైపు వెళ్ళి, పట్టుకోవలసిందేమీ లేక ఆగిపోయాయి. సూది లెక్క తప్పలేదు. మూడో అక్షరం పూర్తయింది. నాలుగోది మొదలైంది, పూర్తయింది. దారం తెగిన చిన్న చప్పుడు వినగానే ఆయన ఊపిరి వదిలారు. లోపలినుంచి భార్య కూడా వదిలినట్టుంది, వినిపించింది.

పెద్దాయన కళ్ళద్దాలు ఎత్తి పేరుని వేలితో తడిమారు. నాలుగక్షరాలూ ఒకే గీత మీద ఉన్నాయి.

"ఇదేమిటి మాస్టారూ, అదే తాను కదా! పైగా ఇంకో ఆరేళ్ళు పాతబడింది. ఇదెలా ఓర్చుకుంది?"

కొత్త సూది వేశానండీ అన్న మాట మాస్టారి నాలుక చివర సిద్ధంగా ఉంది. ఎంత చిన్న మాట. ఎవరికీ నష్టం లేదు.

"బాబాయ్" అన్నారు ఆయన. "అప్పుడు గుడ్డ తప్పేం లేదు. మధ్యలో కరెంటు పోయింది. నా మిషన్ ఆగిపోయింది. అది చెప్పడానికి నామోషీ వేసి గుడ్డ మీద పెట్టాను. ఆరేళ్ళుగా చెప్పాలని చూస్తున్నాను."

పెద్దాయన కళ్ళద్దాలు దించుకుని, తన కోటు జేబు మీది జారిన అక్షరాల వైపు వంగి చూసుకున్నారు. వీధిలో స్తంభం మీది మనిషి ఎవరినో నిచ్చెన పట్టుకోమని అరుస్తున్నాడు.

"అయితే గుడ్డ మంచిదేనన్నమాట" అన్నారు చివరికి.

"మంచిదే బాబాయ్. మొదటి రకం."

"ఓరి నీ అసాధ్యం కూలా! గుడ్డ ఎంచడంలో తనంత మొనగత్తె లేదనేది మా ఆవిడ. ముప్ఫై ఏళ్ళు ఆ గొప్ప విన్నాను. ఆఖరి తానులో మాత్రం మోసపోయిందని, పాపం ఎవడో పాతసరుకు అంటగట్టాడని, నేను ఆరేళ్ళుగా లోపల్లోపల బాధపడుతున్నానయ్యా. పిల్లలకి కూడా చెప్పలేదు, ఆవిడ పేరు పోతుందని!"

ఆయన కోపంగా చూడబోయి, చూడలేక, నవ్వేశారు. కళ్ళు తుడుచుకున్నారు. తాను తొడుక్కున్న కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పి, దాన్ని మడిచి బల్ల మీద మిషన్ పక్కన పెట్టారు.

"ఆ రెండక్షరాలూ విప్పి మళ్ళీ కుట్టు. చిల్లులు పడితే పడనీ. ఇప్పుడే కుట్టు, నేను కూర్చుంటాను."

మాస్టారు యూపీఎస్ వైపు చూశారు. ఇంకా పద్దెనిమిది నిమిషాలు చూపిస్తోంది. రెండక్షరాలకి ఆరు నిమిషాలు చాలు. ముల్లులాంటి చిన్న కత్తెర తీసుకుని, జారిపోయిన మొదటి కుట్టు కింద మెల్లిగా దూర్చారు.